పళ్లు లేని బకెట్

పొక్లెయిన్‌కు రెండు రకాల బకెట్లు ఉంటాయి. పళ్లున్నది తవ్వడానికి. పళ్లు లేనిది గీకడానికి. పురావస్తు పరిశీలన జరిగే నేల మీద పళ్లున్న బకెట్ వాడకూడదు. పళ్లు మట్టిని చీల్చి కలిపేస్తాయి. పళ్లు లేని బకెట్‌తో పైమట్టిని పొరలు పొరలుగా గీకుతూ పోతే, ఎప్పుడో ఎవరో గుంట తీసి పూడ్చిన చోట మట్టి వేరే రంగులో కనిపిస్తుంది. బకెట్ పక్కనే నడుస్తూ ఆ రంగు కోసం చూడడం నా ఉద్యోగం.

రెండు వేల సంవత్సరంలో, సింగపూర్‌లో, కొన్ని వారాల పాటు ఆ ఉద్యోగం చేశాను. స్థలం వుడ్‌ల్యాండ్స్ దాటాక ఉంది. ఒకప్పుడు రబ్బరు తోట. నా భర్త జగన్మోహనరావు పనిచేసే ఇంటర్నెట్ కంపెనీ అక్కడ సర్వర్లు పెట్టడానికి భవనం కట్టాలనుకుంది. ఆ భవనం పని జగన్మోహన్ చూసేవాడు. నేలను పరిశీలించమని సింగపూర్‌లో ఎవరూ అడగలేదు. డబ్లిన్ నుంచి పెట్టుబడి పెట్టినవాళ్లు అడిగారు. వాళ్ల దేశంలో పల్లెల్లో ఇల్లు కట్టుకోవాలన్నా చాలాచోట్ల అనుమతికి ముందు ఇలాంటి పరిశీలన ఉంటుందట. డబ్బు తమది కాబట్టి ఎక్కడ కట్టినా ఆ పద్ధతి పాటించాలన్నారు.

"నువ్వు చేసిన పనే కదా ఉమా. శ్రీశైలం మునకలో ఊళ్లూళ్లు తిరిగి చేస్తివి," అన్నాడు జగన్మోహన్. "పైన వాళ్ల మనిషి నోరా అని ఒకామె ఉంటుంది. ఆమె డబ్లిన్‌లో ఉంటుంది. ఇక్కడ రోజూ నిలబడేదానికి ఒకరు కావాల. నీ పేరు చెప్పినా."

"ఏమన్నా దొరికితే?"

"రబ్బరు తోటలో ఏం దొరుకుతుంది? నాలుగు సీసాలు, రెండు సత్తు గిన్నెలు. రాసిచ్చేయ్."

సింగపూర్ వచ్చినప్పటి నుంచి నేను ఇంట్లోనే ఉన్నాను. నేను ఆ దేశంలో ఉండడానికి ఇచ్చిన పాసు ఆయన ఉద్యోగం మీద ఆధారపడింది. పని దొరికిందని సంతోషించాను. నన్నే ఎందుకు పెట్టించాడని ఆలోచించలేదు.

పొక్లెయిన్ నడిపేవాడు భద్రయ్య. శ్రీకాకుళం జిల్లావాడు. మొదటి రోజు పళ్లు లేని బకెట్ చూసి, "దీనితో ఏటి తవ్వుతామమ్మా? ఇది అట్లకాడ," అన్నాడు. రెండో వారానికి నా చెయ్యి లేచేలోగానే బకెట్ ఆపడం నేర్చుకున్నాడు.

ఆ రెండో వారంలోనే కంచె అవతల గొడుగు వేసుకున్న ఒక పెద్దాయన నిలబడడం మొదలుపెట్టాడు. తొలిరోజు తమిళంలో ఏదో అడిగాడు. నేను భద్రయ్యను ఆగమని కేకేశాక తెలుగులోకి మారాడు.

"తెలుగోళ్లా? ఇప్పుడు తెలుగోళ్లంటే అందరూ కంప్యూటరోళ్లే కదా. నీకు కంప్యూటర్ రాలేదా అమ్మాయ్?"

"నాకు ఇది వచ్చండి."

"తవ్వడమా? మా తాత కూడా తవ్వడానికే వచ్చేడు ఈ దేశం. ఆయన్ని ఓడలో తెచ్చేరు. నిన్ను విమానంలో తెచ్చేరు. అదొక్కటే తేడా లా."

ఆయన పేరు వీరాస్వామి. మాట చివర 'లా' అనడం సింగపూర్ యాస. ఆ తోటలోనే, కూలీల లైను ఇళ్లలో పుట్టాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. వుడ్‌ల్యాండ్స్‌లో కూతురు ఫ్లాట్‌లో ఉంటున్నాడు. కంచె వేశారని తెలిసిన దగ్గర్నుంచి వస్తున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు ఎందుకు వస్తున్నాడో చెప్పాడు.

"మా అమ్మ ఇందులోనే ఉంది. జపానోడి కాలంలో జొరమొచ్చి పోయింది. అప్పుడు కట్టెలు లేవు, కాల్చనివ్వలేదు. పాతిపెట్టేరు. ఆమెతో పాటు ఇంకా కొందరిని. ఎవరూ రాసుకోలేదు. నేను చిన్నోణ్ని. పొగాకిల్లు వెనకాల అని గుర్తు."

పొగాకిల్లు అంటే పొగాకు ఇల్లు కాదు. రబ్బరు షీట్లను పొగబెట్టి ఆరబెట్టే ఇల్లు. లైను జనం దాన్ని అలా పిలిచేవారు.

"ఇంకేమన్నా గుర్తుందా?"

"చెట్టుకి కట్టే కప్పుంటాదే, పాలు పట్టేది. మా నాన్న అది ఒకటి తెచ్చి అమ్మ తలకాడ పాతేడు. దీపం పెట్టడానికి. నూనె దొరికితే కదా దీపం. ఒట్టి కప్పు చూసి వచ్చేవాణ్ని."

ఆయన చెప్పిన చోట, రోడ్డు వైపు ఉన్న పొగ ఇంటి పునాది వెనక, గీకించి చూశాను. ఏమీ లేదు. ఆయన మొహం చూసి భద్రయ్య ఇంకొంచెం గీకాడు. అక్కడా లేదు.

"నేనే తప్పు చెప్పేనేమో," అన్నాడు వీరాస్వామి. తర్వాత రెండు రోజులు రాలేదు.

తోటలో రెండో పొగ ఇల్లు ఉండేదని ఆయనకు గుర్తు లేదు. దాని పునాది స్థలం వెనక మూలలో, లలాంగ్ గడ్డి కింద బయటపడింది. దాని అవతల పైమట్టి తీయించాను. కిందిమట్టి ఎరుపు. ఆ ఎరుపులో బూడిదరంగు పట్టీలు కనిపించాయి. ఒక్కోటి మనిషి పొడుగు. వాటి మధ్య రెండు పొట్టివి. అన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయి. భద్రయ్య ఇంజను ఆపి దిగాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

తాపీతో ఒక్కొక్క పట్టీ అంచూ శుభ్రం చేసుకుంటూ పోయాను. చివరి వరసలో ఒక పట్టీ తలవైపున గోధుమరంగు మెరుగు ఉన్న మట్టి కప్పు, మూతి పైకి, నేలలో నిలబెట్టి ఉంది.

నేను దాన్ని తీయలేదు. తీయకూడదు. పరిశీలన అంటే తవ్వకం కాదు. సమాధులని అనుమానం వస్తే గుర్తుగా మేకులు పాతి, కొలతలు గీసి, ఫోటోలు తీసి, టార్పాలిన్ కప్పి, దాని మీద పలచగా మట్టి వేసి, పై మనిషి వచ్చేదాకా ఆగాలి. వస్తువుకు విలువ అది ఉన్న చోటులో ఉంటుంది. చెట్టుకొక కప్పు ఉన్న తోట అది. ఈ కప్పు ఇక్కడ, ఈ పట్టీ తలకాడ, నిలబెట్టి ఉండడమే సాక్ష్యం.

నోరాకు ఈమెయిలు పంపాను. బుధవారం వస్తానని జవాబిచ్చింది.

వీరాస్వామిని లోపలికి పిలిచి చూపించాను. ఆయన కప్పు చూశాడు. గొడుగు వంచి దాని మీద నీడ పట్టాడు. ఆ తర్వాత, "ఎముకలు ఇస్తారా?" అని అడిగాడు.

నిజం చెప్పాల్సి వచ్చింది. ఆ నేలలో ఆమ్లం ఎక్కువ. ఎముక నిలవదు. పళ్లు మిగిలితే మిగలవచ్చు. మిగిలేది చాలావరకు ఆ రంగే.

"ఈ బూడిదరంగు మట్టేనా మా అమ్మ?"

"అవునండీ."

"అయితే ఆ మట్టి ఇప్పించు చాలు. సముద్రంలో కలుపుతాను. నాకు అరవై తొమ్మిది వస్తన్నాయి. ఆమెకి చెయ్యకుండా పోతే నాకు చేసేది ఏం పనికొస్తాది?"

ఇప్పిస్తానని చెప్పాను. పద్ధతి ప్రకారం జరిగితే ఇప్పించగలను. పని ఆగుతుంది. ప్రకటన వేస్తారు. వారసులు ముందుకొస్తారు. వాళ్ల ఎదుట తవ్వి అప్పగిస్తారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇంట్లో ఇదంతా చెప్పాను. మా అమ్మాయి ప్రణవికి అప్పుడు పద్నాలుగేళ్లు.

"రియల్ సమాధులా అమ్మా? యూ టచ్డ్ ఆ?"

"తాకలేదు. చూసినా."

జగన్మోహన్ అన్నం కలపడం ఆపాడు. "పని ఎన్నాళ్లు నిలుస్తుంది?"

"నెలలు పట్టొచ్చు."

"వచ్చే నెల షేర్లు మార్కెట్‌లోకి పోతాయి ఉమా. పునాది పడినట్ల చూపించాల. లేకుంటే ఏమైతుందో తెలుసునా?"

"వాళ్లు పద్ధతి పెట్టింది ఇట్లాంటిదానికే కదా."

"పద్ధతి కాగితం మీద ఉంటుంది. ఎవరో ముసలాయన చెప్పినాడని..."

"ఆయన చెప్పిన చోట లేదు. నేను చూసిన చోట ఉంది."

ఆయన తిని లేచాడు.

శనివారం మధ్యాహ్నం పని ముగిసే వేళకు జగన్మోహన్ సైటుకు వచ్చాడు. నేను చేరాక ఎప్పుడూ రాలేదు. నన్ను తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. "చూపించు, ఏం కనుక్కున్నావో," అన్నాడు.

నేను చూపించాను. మేకు నుంచి మేకు దాకా నడిచాం. ఏ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అడిగాడు. టార్పాలిన్ ఒక మూల ఎత్తి కప్పు చూపించాను. వంగి చూశాడు. పెళ్లయిన పదహారేళ్లలో నా పని గురించి ఆయన అన్ని ప్రశ్నలు అడగడం అదే మొదలు. కెమెరా కంపెనీది కాబట్టి సైటు ఆఫీసు గదిలో పెట్టాను. "తాళం నేను వేస్తాలే, నువ్వు చేతులు కడుక్కో," అన్నాడు.

మరునాడు ఆదివారం లిటిల్ ఇండియాకు పోదామన్నాడు. ఆదివారం అక్కడ జనం ఎక్కువని ఎప్పుడూ తప్పించుకునే మనిషి. సెరంగూన్ రోడ్డు పేవ్‌మెంటు మీద ఎక్కడ చూసినా కూలిపనులవాళ్లు కూర్చుని ఫోన్ కార్డులతో ఇళ్లకు మాట్లాడుతున్నారు. మేం దోసెలు తిన్నాం. గుడికి పోయాం. నాకు మల్లెపూలు కొన్నాడు.

"డాడీ పూలు కొన్నాడు," అంది ప్రణవి. "సో వియర్డ్ లా."

"మీ అమ్మకు కొనగూడదా?"

"కొనొచ్చు లా. బట్ యూ నెవర్."

నేను నవ్వాను. పూలు పెట్టుకున్నాను. చీకటి పడేదాకా తిరిగాం.

సోమవారం సైటులోకి అడుగుపెట్టగానే వెనక మూల మట్టి కనిపించింది. టార్పాలిన్ మడిచి పక్కన పెట్టి ఉంది. దగ్గరికి పోయాను. ఎర్రమట్టి నడుం లోతు లేచిపోయింది, బూడిదరంగు ఎక్కడా మిగల్లేదు. నేల మీద బకెట్ పళ్ల గీతలు వరసగా ఉన్నాయి. అవి మొదటి మేకు దగ్గర మొదలై ఆఖరి మేకు దగ్గర ఆగాయి. మేకులకు ఇవతల గాని, అవతల గాని జానెడు నేల కూడా కదల్లేదు.

భద్రయ్య పొక్లెయిన్ నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"నిన్న ఓటీ అన్నారమ్మా. పళ్ల బకెట్ ఎయ్యమన్నాడు ఫోర్‌మాన్. నానడిగాను, అమ్మగారికి తెలుసా అని. తెలుసు, మేడమ్ పని అయిపోనాది, సారే సెప్పారు అన్నాడు."

"ఏ సారు?"

అతను కప్పులోకి చూశాడు.

"మీ సారేనమ్మా. ఇంకోరు సెప్తే నాను ఎయ్యను. మీ ఇంటాయన సెప్తే మీరు సెప్పినట్టే గదా అనుకున్నాను. మీకు తెలీదా?"

నా మొహం చూసి అతను టీ పారబోశాడు.

ఆఫీసు గదిలో కెమెరా ఉంది. అందులో రీలు లేదు.

తీసిన మట్టి గేటు పక్కన గుట్టగా పోసి ఉంది. సగం అప్పటికే లారీల్లో పోయింది, లోపలి రోడ్డుకు మెరక వేయడానికి. గుట్టలో వెతికితే గోధుమరంగు మెరుగు పెంకు ఒకటి దొరికింది.

ఆ సాయంత్రం జగన్మోహన్ షూ విప్పుతుండగా అడిగాను.

"ఎవరికి చెప్పినారు?"

"చెప్పాల్సినవాళ్లకు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?" షూ జత అరలో పెట్టాడు. "ఎముకలు ఉండవని నువ్వే అంటివి కదా. ఉత్త మట్టి. ఈ ఇల్లు, ప్రణవి చదువు, నీ పాసు, అన్నీ దేని మీద నిలబడినాయో ఒకసారి ఆలోచించు."

ఆదివారం నాటి పూలు ఇంకా అద్దం ముందు ఉన్నాయి. తీసి చెత్త బుట్టలో వేసి స్టవ్ వెలిగించాను. అన్నం వండాల్సిన వేళ అయింది.

నోరా బుధవారం వచ్చింది. విమానాశ్రయం నుంచి నేరుగా బూట్లు వేసుకుని దిగింది. పళ్ల గీతల పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. నేను గీసిన కొలతల పటం చూసింది. పెంకు చేతిలోకి తీసుకుంది.

"ఇది గుట్టలోంచి వచ్చిందా?"

"అవును."

"అయితే ఇది ఏమీ చెప్పదు. తోటలో ఇలాంటివి వేలు ఉంటాయి."

"నాకు తెలుసు."

"నేను నిన్ను నమ్ముతున్నాను ఉమా. నీ పటం నివేదికలో పెడతాను. కానీ కంపెనీ లాయరు మొదట అడిగేది, ఇది గీసినామె ఎవరి భార్య అని. భర్త ప్రాజెక్టు చూస్తాడు, భార్య సమాధులు చూస్తుంది, వాటిని ఈ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ చూడలేదు. ఇంట్లో గొడవ పడి రాసిందంటారు. నీ భర్తను అడుగుతారు. ఆయన ఏం చెప్తాడు?"

"టార్పాలిన్ కింద ఏమీ లేదని చెప్తాడు."

నోరా పెంకు తిరిగి ఇచ్చేసింది. నన్ను ఆ పనిలో ఎందుకు పెట్టించాడో అప్పుడు అర్థమైంది. నేను రాయకపోతే మంచిదే. రాసినా నా రాతకు బలం ఉండదు.

నివేదికలో ఆ మూల గురించి ఇలా ఉంది: నేల ఇటీవల కదిలించబడింది, పాత గుంటలు ఉండి ఉండవచ్చు, ధ్రువపరచడం సాధ్యం కాలేదు. పని సాగింది.

వీరాస్వామికి నేనే చెప్పాను. గొడుగు మూసి విన్నాడు. గుట్ట దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. మిగిలిన మట్టి ముందు నిలబడ్డాడు. ఎరుపూ బూడిదా కలిసి ఒకే రంగు అయిపోయాయి.

"ఇందులో ఏది?"

"చెప్పలేనండీ."

పెంకు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆ కప్పేనా?"

"కావచ్చు."

"అన్ని చెట్లకీ ఇదే కప్పు అమ్మాయ్. ఎవరి చెట్టుదో తీసుకెళ్లి అమ్మని ఎలా చెప్పను?"

పెంకును గుట్ట మీద వేశాడు. పిడికెడు మట్టి తీసుకున్నాడు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ అక్కడే వదిలేశాడు.

"సగం లారీల్లో పోయిందంటున్నావు. మిగిలినదాంట్లో ఆమె ఎంతుందో తెలీదు. ఊరి జనమందరినీ కలిపి కర్మ చెయ్యలేను కదా." చేతులు దులుపుకున్నాడు. "ఎవడు చేయించేడు?"

"కంపెనీవాళ్లు."

"కంపెనీకి చేతులుంటాయా? ఎవడో ఒకడు చెప్పుంటాడు. నీ పెనిమిటిది అదే కంపెనీ అన్నావు కదా. అల్లుణ్ని కనుక్కోమను. తిట్టను, కొట్టను. మొహం చూస్తానంతే."

"మీరే అడగండి," అన్నాను. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి."

ఆయన వచ్చాడు. లుంగీ కాకుండా ప్యాంటు వేసుకుని, ప్రణవికి కుయే లాపిస్ అనే మిఠాయి పొట్లం తెచ్చాడు. జగన్మోహన్ తలుపు తీసి ఆయన్ని చూసి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను కంచాలు పెడుతున్నాను. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

వీరాస్వామి అమ్మ గురించి చెప్పాడు. ఆమె పాట పాడుకుంటూ చెట్లకు గాట్లు పెట్టేదట. జపాను సైనికుడు పాట ఆపమంటే ఆపి, వాడు పోగానే ఆపిన చోట నుంచే అందుకునేదట. ప్రణవి నవ్వింది. తర్వాత ఆయన అడగాల్సింది అడిగాడు. జగన్మోహన్ మంచినీళ్లు తాగి, "కనుక్కుంటాను అంకుల్," అన్నాడు.

"కనుక్కో అల్లుడూ. నీలాంటోడు అక్కడ ముందే ఉండుంటే ఇలా జరగనిచ్చేవాడివి కాదు."

వచ్చే ఆదివారం కూడా రమ్మని చెప్పాను.

భవనం లేవలేదు. షేర్లు మార్కెట్‌లోకి పోకముందే ఇంటర్నెట్ కంపెనీల ధరలు పడిపోవడంతో డబ్లిన్ వాళ్లు పెట్టుబడి వెనక్కి తీసుకున్నారు. పొక్లెయిన్లు పోయాయి. భద్రయ్య చాంగీ వైపు ఇంకో సైటుకు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది కంపెనీ మూతపడింది. జగన్మోహన్ కొన్ని వారాలు ఇంట్లో కూర్చుని, తర్వాత తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో తక్కువ జీతానికి చేరాడు. స్థలంలో లలాంగ్ గడ్డి మళ్లీ మనిషెత్తు పెరిగింది. లోపలి రోడ్డు మాత్రం ఉంది. మెరక గట్టిగా వేశారు.

వీరాస్వామి ప్రతి ఆదివారం వచ్చేవాడు. జగన్మోహన్ మొదట్లో ఆఫీసు పని ఉందనేవాడు. ఉద్యోగం పోయాక ఆ మాట లేకుండా పోయింది. ఒకసారి వంటింట్లోకి వచ్చి, "ఇంకెన్నాళ్లు ఇట్ల?" అని అడిగాడు. పప్పులో తిరగమోత వేస్తున్నాను. చిటపటలు తగ్గేదాకా ఆగి, "ఏది?" అన్నాను. ఆయన ముందుగదిలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు వీరాస్వామికి చెవులు సరిగ్గా వినిపించడం లేదు. కూతురు టాక్సీలో దింపి వెళ్తుంది. కూర్చున్నాక కంచంలో మొదటి ముద్ద కలుపుతూ అదే మాట గట్టిగా అడుగుతాడు.

"ఎవడో తెలిసిందా అల్లుడూ?"

"ఇంకా లేదు అంకుల్."

"వదలొద్దు. మంచోడివి. నీకు ఎవరో ఒకరు చెప్తారు."

మొన్న ఆదివారం ఆ మాట అయ్యాక పెరుగన్నం వడ్డించడానికి వెళ్లాను. జగన్మోహన్ చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చెయ్యి తీసేదాకా గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.